సీఎం సంతకం పెడితే 22ఏ నుంచి మా భూమి బయటపడుతుందా?

చంద్రగిరి కుర్రోడు:
మా తాతకు ప్రభుత్వం ఇచ్చిన డీకేటీ పట్టా (అసైన్డ్) భూమి ఎకరన్నర ఉంది. చెల్లి పెళ్లికి అమ్ముదామంటే 22ఏ నిషేధిత జాబితాలో ఉంది, రిజిస్ట్రేషన్ కుదరదన్నారు. సీఎం తిరుమలకొచ్చినప్పుడు అర్జీ చేతికిస్తే అక్కడే సంతకం పెట్టేస్తారని నాన్న పట్టుపట్టారు. నిజంగా అంత పవర్ ఉంటుందా?

రేణిగుంట రవి:
సీఎం తలుచుకుంటే కానిదేముంది బ్రో? ఒక్క ఫోన్ చాలు. ఇచ్చి చూడండి.

రిటైర్డ్ రెవెన్యూ, తిరుపతి:
తమ్ముడూ, రెవెన్యూ శాఖలోనే పనిచేసి రిటైరయ్యాను కాబట్టి చెప్తున్నా. సీఎం చేతికిచ్చిన అర్జీకి నంబరు పడుతుంది. కలెక్టరేటుకు, అక్కడి నుంచి ఆర్డీవోకు, చివరికి మీ తహసీల్దారు టేబుల్ మీదికే వస్తుంది. రికార్డు చూసి రిపోర్టు రాయాల్సింది అక్కడివాళ్లే. సీఎం సంతకం ఆ రిపోర్టును తొందరపెట్టగలదు, రికార్డును మార్చలేదు.

అట్లని సీఎంకు అధికారం లేదనుకోవద్దు. డీకేటీ భూమి అమ్మకూడదన్నది 1977 నాటి చట్టం. ఇచ్చి 20 ఏళ్లు దాటిన భూములకు పూర్తి హక్కులిస్తూ 2023లో దాన్ని సవరించారు. 2024లో ప్రభుత్వం మారాక, అట్లా హక్కులొచ్చిన భూముల రిజిస్ట్రేషన్లు ఆపేశారు. ఎన్ని కుటుంబాల పెళ్లిళ్లు, చదువులు అక్కడ ఆగాయో! అసలు బలం అదీ, అందరికీ వర్తించే రూల్ పెట్టడం, ఆపడం. మీ ఒక్క సర్వే నంబరుకు మినహాయింపు రాసివ్వడం కాదు. నాయకుడి చేతిలో కాగితం పెట్టి ఇంటికెళ్లి ఎదురుచూసిన రైతుల్ని చాలామందిని చూశాను, ఇప్పటికీ మనసు బాధపడుతుంది.

ఒక్కటి చెప్పు, ఆ పట్టా ఏ సంవత్సరంలో ఇచ్చారు?

చంద్రగిరి కుర్రోడు:
పాత కాగితం నాన్న దగ్గరుందన్నా. 1953 అని కనబడుతోంది, నెల మాత్రం చెరిగిపోయింది.

రిటైర్డ్ రెవెన్యూ, తిరుపతి:
అయితే దాన్ని భద్రంగా పెట్టు! మన ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ 18కి ముందిచ్చిన పట్టాల్లో అమ్మకూడదనే షరతు మామూలుగా ఉండదు. తహసీల్దారు ఆఫీసులో పాత అసైన్‌మెంట్ రిజిస్టర్ నకలుకు దరఖాస్తు పెట్టు. మీ పట్టా 1953 తేదీ రికార్డులో దొరికితే, నకలు జతచేసి జాబితా నుంచి తీసేయమని కలెక్టర్‌కు అర్జీ ఇవ్వు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, రసీదు మర్చిపోవద్దు. నాన్న సీఎంకు కూడా ఇస్తానంటే ఆపొద్దు, కానీ దాంట్లో సర్వే నంబరు, ఆ నకలు తప్పకుండా పెట్టమను.