పుకారు ఫార్వర్డ్ చేసిన ప్రతి ఒక్కరి మీదా కేసు పెట్టాలా?

గద్వాల అమ్మాయి (డిగ్రీ రెండో సంవత్సరం):
మా క్లాసులో దీనిమీద పెద్ద వాదనే నడిచింది. అందరి మీదా కేసులు పెడితే తప్ప జనానికి బుద్ధి రాదని ఎక్కువమంది అన్నారు. నేను ఒప్పుకోను. 2018 ఎండాకాలం గుర్తుందా? పార్థీ గ్యాంగ్ అనే దొంగల ముఠా దిగింది, పిల్లల్ని ఎత్తుకుపోతోంది అంటూ వాట్సాప్‌లో మెసేజ్‌లు. ఆరుబయట మంచాలేసుకుని పడుకునే ఊళ్లు తలుపులు బిగించుకున్నాయి. అప్పట్లో దేశమంతా తిరిగిన ఒక వీడియోలో బైకు మీద ఇద్దరొచ్చి వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ని లాక్కుపోతారు. అసలు అది కరాచీలో పిల్లల భద్రత గురించి తీసిన వీడియో. అందులో ఆ ఇద్దరూ వెనక్కొచ్చి పిల్లాణ్ని దింపేసి, హెచ్చరిక రాసిన అట్ట చూపిస్తారు. ఆ చివరి ముక్కను ఎవరో కోసేశారు. కోసినవాడిది నేరమే. అది చూసి గుండె గుభేలుమని చెల్లెలికి పంపిన తల్లిదీ నేరమేనా?

జహీరాబాద్ వాసి:
చెల్లెమ్మా, బీదర్ మాకు పక్కనే. 2018 జులైలో ఆ జిల్లాలోని ముర్కి ఊళ్లో ఏమైందో విను. హైదరాబాద్ నుంచి కారులో వెళ్లినవాళ్లు దారిలో బడిపిల్లలకు చాక్లెట్లిచ్చారు. ఊరివాళ్లు అనుమానించి నిలదీశారు. వాళ్లు కారెక్కి బయల్దేరేలోపే మెసేజ్ ముర్కి గ్రూపుకు చేరిపోయింది. కారు అక్కడికి వచ్చేసరికి రోడ్డుకు అడ్డం పెట్టి ఉంచారు. ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ప్రాణం పోయింది, ఆపబోయిన పోలీసులకూ దెబ్బలు తగిలాయి. తర్వాత గ్రూపు అడ్మిన్‌ను అరెస్టు చేశారు. అది తప్పంటావా?

గద్వాల అమ్మాయి:
తప్పనను అన్నా. ‘ఫలానా కారు వస్తోంది, పట్టుకోండి’ అని పంపడం జనాన్ని ఉసిగొల్పడమే. దానికి కేసు పెట్టాల్సిందే. నా అభ్యంతరమల్లా ‘ప్రతి ఒక్కరి మీదా’ అన్న మాట మీద. 2012లో పాల్ఘర్‌లో బంద్‌ను ప్రశ్నిస్తూ ఒకమ్మాయి ఫేస్‌బుక్‌లో రాస్తే, దానికి లైక్ కొట్టిన అమ్మాయిని కూడా అరెస్టు చేశారు. ఆ అరెస్టుకు వాడిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చిలో కొట్టేసింది. మళ్లీ అక్కడికే పోదామా?

మా గద్వాల జిల్లాలో 2018లో ఈ పుకార్లప్పుడు ఎస్పీ రెమా రాజేశ్వరి గారు. ఊరికో పోలీసును పెట్టారు. వాళ్లు ఇంటింటికీ తిరిగారు, డప్పు కొట్టి పాటలు కట్టి మరీ చెప్పించారు. చదువురాని అవ్వకు కూడా ఎక్కేది ఆ పాటే, సెక్షన్ నంబరు కాదు. చుట్టూ అంత భయం ఉన్నా ఆ ఊళ్లలో ఈ పుకార్లకు ఒక్క ప్రాణం కూడా పోలేదు. నా వాదనకు ఇంతకంటే బలమైన రుజువు నా దగ్గర లేదు.

కర్నూలు టీచర్:
యాప్ చేతిలో ఉన్నదాని సంగతి ఎవరూ ఎత్తడం లేదేం? 2018 జులైలో మన దేశంలో ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ కాకుండా వాట్సాప్ కట్టడి చేసింది. 2020 ఏప్రిల్ నుంచి బాగా చేతులు మారిన మెసేజ్‌ను ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. దాంతో అలాంటి ఫార్వర్డులు 70 శాతం తగ్గాయని కంపెనీయే చెప్పింది. లెక్క వాళ్లదే అయినా, ఎవర్నీ జైల్లో పెట్టకుండా జరిగిన పని అది. మరి ఇన్ని ప్రాణాలు పోయేదాకా ఎందుకు ఆగారు?

జహీరాబాద్ వాసి:
మేడమ్ గారు అడిగింది సబబే. కానీ చెల్లెమ్మా, కారు వెళ్లే వేగానికి ముందుగా డప్పు చేరదు కదా. భయంతో పంపినవాడెవరో, ఉసిగొల్పినవాడెవరో స్టేషన్లో ఎవరు తేలుస్తారు?

గద్వాల అమ్మాయి:
తేల్చడం కష్టమే అన్నా, కానీ మెసేజ్‌లోనే ఆధారం ఉంటుంది. ఒక మనిషినో బండినో చూపించి ఆపమనో కొట్టమనో పిలిచాడా లేదా? పిలిస్తే కేసు. ‘పిల్లలు జాగ్రత్త’ అని మాత్రమే రాస్తే అది అబద్ధమని చెప్పి, అదే గ్రూపులో సరిదిద్దించాలి. ఇక హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో 2018 మేలో ఇలాంటి పుకారే నమ్మి ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపుగా కొట్టి చంపారు. ఆ కొట్టిన చేతులను వదిలేసి ఫోన్లు వెతుకుతూ కూర్చుంటే మాత్రం నేను అస్సలు ఒప్పుకోను.