బ్రాయిలర్ ఫినిషర్‌లో (మాంసం కోళ్ల చివరి దశ మేత) డీడీజీఎస్ ఎంత వరకు వేయొచ్చు?

ప్రశ్న (సొంత_మిక్సర్):
మేత మేమే కలుపుకుంటాం, మ్యాష్ (గుళికలు చేయని పొడి మేత) రూపంలోనే. ఇథనాల్ ఫ్యాక్టరీ నుంచి మొక్కజొన్న డీడీజీఎస్ (ఇథనాల్ తీశాక మిగిలిన పిప్పిని ఆరబెట్టిన సరుకు) వస్తోంది, రిపోర్టులో ప్రోటీన్ 27% ఉంది. సోయా డీఓసీ (నూనె తీసిన చెక్క) తీసేసి ఆ మేరకు ఇది వేయొచ్చా? ఏ వయసు నుంచి మొదలుపెట్టాలి? లిట్టర్ (షెడ్డులో కోళ్ల కింద పరిచే ఊక) తడుస్తుందని కొందరంటున్నారు, కారణం ఏమిటి? ఆరబెట్టని తడి సరుకు కూడా ఇస్తామంటున్నారు, అది పనికొస్తుందా?

జవాబు (ఫార్ములా_పట్టిక):
సోయా స్థానంలో కిలోకి కిలో మార్చకండి. టన్ను మేతలో 100 కేజీల డీడీజీఎస్ వేసి సోయా 50, మొక్కజొన్న 50 కేజీలు తీయండి. అప్పుడు ప్రోటీన్ సరిపోతుంది, అటూ ఇటూ 27 కేజీలే. తేడా లైసిన్ (ప్రోటీన్‌లోని ఒక అమైనో ఆమ్లం) దగ్గర వస్తుంది. తీసేసిన దాంట్లో జీర్ణమయ్యే లైసిన్ సుమారు 1.35 కేజీలు, వేసిన దాంట్లో అర కేజీ. ఈ లోటు పూడ్చడానికి టన్నుకు 1.1 కేజీల లైసిన్ హెచ్‌సీఎల్ (మేతలో కలిపే లైసిన్ పొడి) అదనంగా పడుతుంది. ఇది వేయకుండా ప్రోటీన్ శాతం చూసుకుని ఊరుకుంటే రొమ్ము మాంసం తగ్గుతుంది, ఎఫ్‌సీఆర్ (కిలో బరువుకు పట్టే మేత) పెరుగుతుంది. ఆర్జినిన్, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాలు కూడా తగ్గుతాయి కాబట్టి 10% దాటే ముందు వాటినీ లెక్కలో చూడండి.

ఎనర్జీ కిలో మేతకు 30 కిలోక్యాలరీల దాకా పడిపోతుంది. 5 కేజీల మొక్కజొన్న తీసి అంతే నూనె వేస్తే సరి. ఫాస్ఫరస్ విషయంలో మాత్రం లాభమే, టన్నుకు ఒకటిన్నర కేజీ డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) తగ్గించొచ్చు. దాంతో పోయే కాల్షియానికి కేజీ సున్నపురాయి పొడి కలపండి. డీడీజీఎస్‌లో ఫైటేట్ (కోడికి అందని రూపంలోని ఫాస్ఫరస్) తక్కువ కాబట్టి దాని మీద ఫైటేజ్ (ఫైటేట్‌ను విడగొట్టే ఎంజైమ్) లాభాన్ని మళ్లీ లెక్కేసుకోకండి.

నా లెక్కలో ప్రీ-స్టార్టర్‌లో (పిల్లల మొదటి దశ మేత) అసలు వద్దు, స్టార్టర్‌లో (దాని తర్వాతి మేత) 5%, ఫినిషర్‌లో 10%. మ్యాష్‌తో అంతకు మించడం నాకు ఇష్టం లేదు.

జవాబు (ల్యాబ్_బల్ల):
పై లెక్కంతా మంచి సరుకుకే. మొదట రంగు, వాసన చూడండి. బంగారు పసుపు రంగు, పులిసిన పిండి వాసన ఉంటే సరే. కాఫీ రంగు, మాడు వాసన ఉంటే డ్రయ్యర్‌లో కాలిపోయిందని అర్థం. చక్కెరలు లైసిన్‌కు అతుక్కుపోతాయి, కోడికి అది అందదు. ప్రోటీన్ రిపోర్టులో ఈ నష్టం కనిపించదు, అందుకే మొత్తం లైసిన్ కూడా చేయించండి. ప్రోటీన్‌లో లైసిన్ వాటా 2.8% కంటే తగ్గకూడదు. మీ 27% సరుకులో లైసిన్ కనీసం 0.76% ఉండాలి.

రెండోది యూరియా కల్తీ. ఒక్క శాతం యూరియా కలిపితే రిపోర్టులో ప్రోటీన్ దాదాపు 2.9 పాయింట్లు పెరుగుతుంది. కోడికి దానివల్ల పైసా ఉపయోగం లేదు, పైగా కిడ్నీల మీద భారం. క్రూడ్ ప్రోటీన్‌తో పాటు యూరియా పరీక్ష అడగండి. బియ్యం డీడీజీఎస్ పేరుతో వచ్చే సరుకులో ప్రోటీన్ 40% దాటుతుంది కాబట్టి అక్కడ ఈ జాగ్రత్త మరీ అవసరం. మొక్కజొన్న అంకెలు దానికి వాడకండి.

మూడోది బూజు విషాలు. గింజలో మూడింట రెండు వంతులు పిండి. అది ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్‌గా పోయాక మిగిలిన దాంట్లో విషాలు మూడింతలు చిక్కబడతాయి. గింజలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం 20 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 20 భాగాలు) ఉంటే డీడీజీఎస్‌లో 60. 10% వాడితే మేతకు 6 పీపీబీ చేరుతుంది, మీ మొక్కజొన్నది దానికి అదనం. ఫ్యుమోనిసిన్ అనే మరో బూజు విషం కూడా చూడాలి. శాంపిల్ ఒక్క బస్తా నుంచి తీయకండి, లాట్‌లో కనీసం పది చోట్ల తీసి కలపండి.

జవాబు (లిట్టర్_చూపు):
లిట్టర్ తడవడానికి ఎక్కువగా కారణం సోడియం. ఒక్కో ఫ్యాక్టరీలో ఒక్కోలా ఉంటుంది. 0.3% సోడియం ఉన్న సరుకు 100 కేజీలు వేస్తే 300 గ్రాములు వచ్చి చేరుతుంది. ఉప్పులో సోడియం 39% కాబట్టి ఆ టన్నుకు ముప్పావు కేజీ ఉప్పు తగ్గించాలి. ఉప్పు తగ్గిస్తే తగ్గే క్లోరైడ్ కొంత లైసిన్ హెచ్‌సీఎల్ నుంచి వస్తుందిలెండి. సోడియం రిపోర్టు లేకుండా ఉప్పు మార్చొద్దు. పీచు ఎక్కువ కావడం రెండో కారణం, దానికి జైలనేజ్ (పీచును విడగొట్టే) ఎంజైమ్ సాయపడుతుంది.

తడి సరుకు జోలికి పోకండి. అందులో 65-70% నీళ్లే, కోడికి కడుపు నిండుతుంది కానీ పోషకం అందదు. ఎండాకాలంలో రెండు మూడు రోజుల్లోనే బూజు పడుతుంది. పశువులున్న చోట వాడుకోవాల్సిన సరుకు అది.

ఎండు సరుకు కూడా తేమ 12% దాటితే బస్తాల్లో గడ్డకడుతుంది. ఆ గడ్డలు మిక్సర్‌లో విడిపోవు, జల్లెడ పట్టాకే వేయండి. మార్పు మూడు నాలుగు రోజుల్లో మెల్లగా చేయండి, ఒక్కసారిగా మారిస్తే మేత తినడం తగ్గిస్తాయి. కొత్త లాట్ వచ్చిన ప్రతిసారీ రంగు, తేమ, సోడియం మళ్లీ చూడాల్సిందే.