కొత్త డెస్క్‌టాప్ బిగుసుకుపోతోంది, లోపల టక్ టక్: మూత తీయాలా, షాపుకి ఇచ్చేయాలా?

మధురవాడ_కొత్త
విశాఖ ద్వారకానగర్‌లో అసెంబుల్ చేయించాం, రెండు వారాలైంది. విండోస్ 11 ఎన్‌వీఎంఈలో (చప్పుడు లేని చిప్ డ్రైవ్) ఉంది, ఫొటోలూ ఫైళ్లూ 2 టీబీ హార్డ్‌డిస్క్‌లో. ఫోల్డర్ తెరిస్తే టక్.. టక్ అని మోగి అర నిమిషం హ్యాంగ్. మౌస్ కదులుతుంది గానీ క్లిక్ పట్టదు. గేమ్ పెడితే సన్నగా కీచుమంటోంది కూడా. మూత తీస్తే వారంటీ పోతుందా?

గాజువాక_టెక్
తీయొద్దండి. స్క్రూ తిప్పారంటే రేపు "మీరే కదిపారు" అంటారు. బిల్లు పట్టుకుని కేబినెట్ షాపులో పెట్టేయండి. ఆలస్యం చేస్తే ఇంకో నష్టం: కొన్న కొత్తలో షాపే మార్చిస్తే కొత్త డిస్క్ వస్తుంది, తర్వాత కంపెనీకి వెళ్తే చాలాసార్లు రీఫర్బిష్డ్ (బాగుచేసిన పాతది) చేతిలో పెడతారు.

ఎంవీపీ_హార్డ్‌వేర్
త్వరపడాలన్న మాట నిజమే, మూత సంగతి ఒప్పుకోను. అసెంబుల్ సిస్టమ్‌లో వారంటీ ఏ భాగానికి ఆ భాగం సీరియల్ నంబర్ మీద ఉంటుంది. సీల్ వేసిన బ్రాండెడ్ మెషీన్ అయితే వేరు. కారణం తెలీకుండా ఇస్తే విండోస్ మళ్లీ ఎక్కించి పంపేస్తారు, డిస్క్ అలాగే ఉంటుంది.

కీచు శబ్దాన్ని పక్కన పెట్టండి. అది గ్రాఫిక్స్ కార్డులో కాయిల్స్ కంపించడం. గేమ్ సెట్టింగ్స్‌లో ఎఫ్‌పీఎస్‌ని (సెకనుకి చూపే ఫ్రేములు) 60కి పరిమితం చేస్తే తగ్గుతుంది. హ్యాంగ్‌కీ దానికీ సంబంధం లేదు.

అసలు అనుమానం టక్ టక్ మీదే. డిస్క్‌ని చదివే హెడ్ చదవలేక వెనక్కెళ్లి మళ్లీ ప్రయత్నించే చప్పుడది. డిస్క్ జవాబిచ్చేదాకా ఫోల్డర్లు చూపే ఎక్స్‌ప్లోరర్ ఆగిపోతుంది, విండోస్ ఉన్నది వేరే డ్రైవ్‌లో కాబట్టి మౌస్ మాత్రం కదులుతుంది. ర్యామ్ తేడా అయితే ఎక్కువగా బ్లూ స్క్రీనో, మౌస్‌తో సహా అంతా ఆగిపోవడమో జరుగుతుంది.

ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేయండి. తర్వాతే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో (డిస్క్ ఆరోగ్యం చూపే సాఫ్ట్‌వేర్) తెరవండి. 05, సీ5, సీ6 వరసల్లో (పాడైన, అనుమానంగా ఉన్న, చదవలేని భాగాల లెక్క) రా వాల్యూ అన్న అంకె చూడండి. సీ5 పెరుగుతుంటే డిస్క్ పోతున్నట్టే. సీ7 (డేటా పంపడంలో తప్పుల లెక్క) ఒక్కటే పెరుగుతుంటే డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్‌ని అనుమానించండి. విండోస్ తప్పులు రాసుకునే ఈవెంట్ వ్యూయర్ సిస్టమ్ లాగ్‌లో ఈవెంట్ నంబర్ 7 ఉంటే బ్యాడ్ బ్లాక్ (పాడైన చోటు), 153 ఉంటే విండోస్ చదవడమో రాయడమో మళ్లీ ప్రయత్నించింది, 129 ఉంటే డ్రైవ్ జవాబివ్వక రీసెట్ చేయాల్సి వచ్చింది.

పెందుర్తి_రవాణా
డిస్క్ తప్పులు సరిచేసే విండోస్ కమాండ్ చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ (chkdsk /r) నడిపితే సరిపోదా? మన ఉప్పుగాలి వల్ల కూడా కావచ్చు కదా?

ఎంవీపీ_హార్డ్‌వేర్
కాపీ అవకముందు ఆ కమాండ్ జోలికి వెళ్లొద్దు. డిస్క్ మొత్తం గంటల తరబడి చదువుతుంది, కొనప్రాణంతో ఉన్నది ఆ దెబ్బకి పోవచ్చు. ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పడతాయి, అయితే రెండు వారాల్లో కాదు.

గాజువాక_టెక్
సాఫ్ట్‌వేర్‌తో చూడటం వరకూ సరే. కానీ పవర్ కనెక్టర్ వదులుగా ఉన్నా డిస్క్ తిరిగి ఆగి ఇలాగే టక్కుమంటుంది. అది చూడాల్సింది బిగించినవాళ్లే.

ఎంవీపీ_హార్డ్‌వేర్
అందుకే తీయమంటున్నాను. షట్‌డౌన్ చేసి, ఎస్‌ఎంపీఎస్ (వెనక ఉండే పవర్ సప్లై) స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్ 10 సెకన్లు నొక్కండి. ఒంట్లో స్టాటిక్ కరెంటు పోయేలా కేబినెట్ ఇనుము ముట్టుకుని, ఉన్నది ఉన్నట్టు ఫొటో తీయండి. సాటా కేబుల్ రెండు చివరలూ తీసి పెట్టండి, పవర్‌కి ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే ఇంకో సాటా పిన్ ఇవ్వండి. మోలెక్స్ (పాత రకం నాలుగు పిన్నుల) కన్వర్టర్ ఉంటే పక్కన పడేయండి. అప్పటికీ మోగితే డిస్క్ రెండు కేబుళ్లూ పీకేసి ఒక రోజు వాడండి. హ్యాంగ్ ఆగితే దోషం ఎక్కడుందో తేలినట్టే.

మధురవాడ_కొత్త
ఫైళ్లు కాపీ అయ్యాయి. సీ5 పొద్దున 16, ఇప్పుడు 40. సీ7 సున్నా. లాగ్ నిండా 7, 153.

గాజువాక_టెక్
ఇక కేబుల్ వెతకక్కర్లేదు. సీ5 అంకె, లాగ్ కనిపించే స్క్రీన్‌షాట్లు, చప్పుడు వీడియో, బిల్లుతో ఈరోజే వెళ్లండి. ఫార్మాట్‌కి ఒప్పుకోకండి, డిస్క్ మార్చమనండి. కాదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. కేబినెట్ మాత్రం మొత్తంగా తీసుకెళ్లండి, నా మాట అదే.

ఎంవీపీ_హార్డ్‌వేర్
మధురవాడ నుంచి ఆటోలో గ్రాఫిక్స్ కార్డు ఊగుతూ వెళ్లడం ఎందుకండీ? నాలుగు స్క్రూలు తీసి డిస్క్ ఒక్కటే మెత్తటి గుడ్డలో చుట్టి పట్టుకెళ్లండి. బిల్లులో ఉన్న సీరియల్, డిస్క్ మీదది ఒకటేనా అని ఇంట్లోనే సరిచూసుకోండి.