కనుమకి ఫుట్‌బాల్ గ్రౌండ్ ఓపెనింగ్ – నల్లరేగడి నేల, చేతిలో మూడు నెలలు

కొత్తగ్రౌండ్_ఎస్ఎన్‌పాడు

అన్నలకి నమస్తే. ప్రకాశం జిల్లా సంతనూతలపాడు మండలంలో ఊరి క్లబ్బు మాది. హైస్కూలు వెనక స్థలం ఆటకి వాడుకోమని పంచాయతీ తీర్మానం చేసింది. ఉత్తరం దక్షిణం 112 మీటర్లు, తూర్పు పడమర 74. తూర్పున స్కూలు ప్రహరీ గోడ ఉంది. నల్లరేగడి నేల, డోజర్‌తో చదును చేశారు, అంతే. పండక్కి ఊరంతా ఇంటి దగ్గరే ఉంటది కాబట్టి కనుమ రోజు ఓపెనింగ్ మ్యాచ్ పెడదామనుకుంటున్నాం.

105×68 కొలత పెట్టొచ్చా? పైన క్రషర్ డస్ట్ (రాళ్లు కొట్టే మిషన్ దగ్గర మిగిలే పొడి) తోలితే చాలని కొందరు, గడ్డే కావాలని కొందరు అంటున్నారు. గ్రానైట్ క్వారీలున్న చీమకుర్తి పక్కనే కాబట్టి డస్ట్ చవగ్గా వస్తది. గోల్‌పోస్టులు ఊళ్లో వెల్డింగ్ షాపులో చేయించొచ్చా?

గరికపోచ

డస్ట్ వద్దు తమ్ముడూ. గ్రానైట్ పొడి రవ్వలకి అంచులు పదునుగా ఉంటాయి. స్లయిడింగ్ చేసినవాడి తొడ, మోచెయ్యి చెక్కుకుపోతాయి. నాలుగు వానలకి అది గట్టిపడి సిమెంట్ గచ్చులా అయిపోద్ది, ఇక దానిమీద గడ్డి పట్టదు. ఒకసారి తోలాక ఎత్తిపోయడానికి రెట్టింపు ఖర్చు.

నల్లరేగడితో రెండు తంటాలు. తడిస్తే జిగురు, ఎండితే నెర్రెలు. మే నెలలో నెర్రెలో కాలు ఇరుక్కుంటే మడమ తిరిగిపోద్ది. అందుకని పైన ఎర్రమట్టి, ఏటి ఇసుక కలిపిన పొర కావాలి. మీ స్థలానికి 100×64 ఆట కొలత అనుకుని, లైన్ల బయట మూడు మీటర్లు కలుపుకుంటే 106×70, అంటే 7,420 చదరపు మీటర్లు. 10 సెంటీమీటర్ల మందానికి 742 ఘనపు మీటర్లు. వంద ఘనపుటడుగులు పట్టే ట్రాక్టర్ ట్రక్కుతో లెక్కేస్తే 262 ట్రిప్పులు. అణిగిపోయేదానికి ఇంకో ఐదో వంతు కలుపుకోండి. అంత డబ్బు లేకపోతే ముందు రెండు గోల్ ఏరియాలు, అంటే గోల్ ముందుండే చిన్న డబ్బాలు, చేయండి. అక్కడే నేల ఎక్కువ అరిగిపోయేది. రెండూ కలిపి 200 చదరపు మీటర్లే, 15 సెంటీమీటర్ల మందం పోసినా 11 ట్రక్కులతో తేలిపోద్ది. గోల్ ఏరియా దగ్గర ఆపకుండా చుట్టూ రెండు మూడు మీటర్లు పల్చగా కలిపేయాలి, లేకపోతే అంచు మెట్టులా నిలబడి కాలికి తగులుద్ది.

ఇసుక ఉప్పుది కాకూడదు. సముద్రం ఒడ్డు నుంచి ఎవరు తెచ్చిచ్చినా తీసుకోవద్దు.

మట్టి కంటే ముందు వాలు చూసుకోండి. నడుమ ఎత్తు, రెండు పక్కలకి పల్లం. నడిమి నుంచి సైడ్ లైన్‌కి 32 మీటర్లు వస్తది కాబట్టి నూటికి ఒకటి వాలు అంటే 32 సెంటీమీటర్లు. తాపీ మేస్త్రీ దగ్గరుండే నీళ్ల పైపు లెవల్ చాలు. గోడ వైపు నీళ్లకి దారి ఉండదు గనక అక్కడ అడుగు వెడల్పు, అడుగున్నర లోతు కాలవ తీసి 40 ఎం.ఎం. కంకర నింపి, ఒక చివరికి వాలు ఇవ్వండి. మన జిల్లాలో పెద్ద వానలు అక్టోబర్, నవంబర్లలోనే. ఒక్క వాయుగుండం పడితే ఎక్కడ నీళ్లు నిలిచేదీ మీకే కనపడుద్ది, అక్కడక్కడ పుల్లలు గుచ్చి గుర్తు పెట్టుకోండి. నేల తడిగా ఉన్నప్పుడు మాత్రం ట్రాక్టర్ లోపలికి పోనివ్వొద్దు. చక్రాల గాడి ఎన్ని రోలర్లు తిప్పినా పోదు.

గడ్డికి విత్తనం కొనక్కర్లేదు. పొలం గట్ల మీద గరిక ఉందిగా. మూడు నాలుగు కణుపులున్న కాడలు, 20 సెంటీమీటర్ల ఎడం, రెండు కణుపులు మట్టిలోకి. మొత్తానికి లక్షా అరవై వేల కాడలు, అంటే ఊరంతా కలిసి చేయాల్సిన పని. కలుపుమందు కొట్టిన గట్టు నుంచి తేవద్దు. తుంగగడ్డలు, పల్లేరు తీగ వాటితోపాటు రాకుండా ఏరాలి. వట్టికాళ్లతో ఆడే పిల్లలకి పల్లేరుకాయ పడిందంటే ఆట అక్కడే ఆగిపోద్ది. వాన లేని రోజు 5 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి, అంటే 37 వేల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఏడెనిమిది. బోరు సంగతి ముందే తేల్చుకోండి. పాతుకున్నాక నెలకో యూరియా బస్తా, సగం సగం రెండు దఫాలుగా, చల్లగానే తడి పెట్టాలి.

గోల్‌లైన్_ఒంగోలు

కొలతల సంగతి. 105×68 గీస్తే గోడకి మూడు మీటర్లే మిగులుద్ది. సైడ్ లైన్ వెంట పరుగు మీదున్న వింగర్ ఆగలేడు. 100×64 పెట్టండి, అటూ ఇటూ అయిదేసి, గోల్స్ వెనక ఆరేసి మీటర్లు వస్తాయి. రూల్స్‌లో పొడవు 90 నుంచి 120, వెడల్పు 45 నుంచి 90 మధ్య ఎంతైనా చెల్లుద్ది. మూలలు సరిగ్గా వచ్చాయా లేదా చూడాలంటే మూల నుంచి ఎదురు మూలకి కర్ణం కొలవండి, రెండూ 118.73 మీటర్లు రావాలి. నైలాన్ తాడు సాగుద్ది, టేపే వాడండి. పెనాల్టీ ఏరియా 16.5 మీటర్లు పోస్టు లోపలి అంచు నుంచి కొలవాలి. చాలాచోట్ల బయటి అంచు నుంచి కొలిచి తప్పు చేస్తారు.

పోస్టులు ఊళ్లోనే చేయించొచ్చు. నాలుగు అంగుళాల జీఐ పైపు బయటి కొలత 114 మిల్లీమీటర్లు, పోస్టు మందానికి రూల్స్‌లో ఉన్న 12 సెంటీమీటర్ల హద్దు దాటదు. పోస్టుల మధ్య 7.32, బార్ కింది అంచుకి 2.44 మీటర్లు. పైపు ఆరు మీటర్లే వస్తది, కాబట్టి బార్‌కి అతుకు తప్పదు. ఆ అతుకు నడిమధ్య పెట్టిస్తే ఏడాదిలో బార్ వంగుద్ది. ఒక పోస్టుకి మీటరున్నర దూరంలో, లోపల అరమీటరు స్లీవ్ పైపు దూర్చి వెల్డ్ చేయించండి. నేలలో 75 సెంటీమీటర్ల లోతున అయిదంగుళాల పైపు ముక్క నిలబెట్టి 1:2:4 (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీట్ పోయాలి, పోస్టు అందులోకి దిగుద్ది. పది రోజులు తడపండి. నల్లమట్టి ఉబ్బి కాంక్రీట్‌ని పైకి తోస్తది కాబట్టి గుంత అడుగున అరడుగు ఇసుక పోయండి. ఎత్తు చివరి మట్టి పొర పడ్డాక కొలవండి, ముందు కొలిస్తే ఆ పది సెంటీమీటర్లు తగ్గిపోద్ది. వల కట్టడానికి ఇనప కొక్కేలు వెల్డ్ చేయించొద్దు, గోల్‌కీపర్ వేళ్లు చీరుకుపోతాయి. ప్లాస్టిక్ క్లిప్పులు గానీ తాడు గానీ చాలు.

ఇంకొకటి. పాతకుండా ఊరికే నిలబెట్టిన పోస్టు ఒక్కరోజు కూడా ఉండకూడదు. పిల్లలు బార్ పట్టుకుని వేలాడితే మీద పడుద్ది, ప్రాణాలు పోతాయి.

కొత్తగ్రౌండ్_ఎస్ఎన్‌పాడు

చాలా థ్యాంక్స్ అన్నా. 100×64 ఖాయం చేస్తాం. లైన్లకి సున్నం వాడొచ్చా? ముగ్గుపిండి అయితే మేలా?

గోల్‌లైన్_ఒంగోలు

సున్నం వద్దు. చెమట పట్టిన ఒంటికి తగిలితే పొక్కుద్ది, కంట్లో పడితే చూపుకే ముప్పు. ముగ్గుపిండి అని అమ్మేదాంట్లోనూ సున్నం కలిసుండొచ్చు. కొంచెం తీసుకుని పసుపునీళ్లలో కలపండి, పారాణిలా ఎర్రబడితే అది సున్నమే, పక్కన పెట్టేయండి. తెల్ల ఎమల్షన్ పెయింట్‌లో నీళ్లు కలిపి గీస్తే వానకి కూడా కొన్నాళ్లు నిలుస్తది. మొత్తం గీత దాదాపు 690 మీటర్లు, పోస్టు మందమే గీత మందం కాబట్టి 80 చదరపు మీటర్ల లెక్కన పెయింట్ కొనండి.

గరికపోచ

ఓపెనింగ్ రోజు గురించి నాలుగు మాటలు. షామియానా గడ్డి మీద వేయొద్దు, గుంజలు దిగిన గుంతల్లో ఆటగాళ్ల కాళ్లు పడతాయి. గేటు దగ్గర వేయండి. కొబ్బరికాయ పోస్టుకి కొట్టొద్దు, చిప్ప పెంకులు గడ్డిలో దాక్కుంటాయి. బయట రాయి మీద కొట్టించండి. టపాకాయలూ అంతే. జనవరి మధ్యలో ఆరు గంటల ప్రాంతంలో పొద్దుగూకుద్ది, 90 నిమిషాల ఆట, పావుగంట విరామం, గాయాలకి ఆగే టైం కలిపితే మూడున్నరకి విజిల్ పడాలి. ఉపన్యాసాలు మూడింటిలోపు అయిపోవాలని పెద్దలకి ముందే చెప్పండి. మైకుకి పోలీసు స్టేషన్‌లో అనుమతి తీసుకోండి.

నాటిన మూడు నెలలకి గరిక పచ్చగా కమ్ముకుంటది గానీ వేరు ఇంకా పైపైనే ఉంటది. కనుమ రోజు ఒకే మ్యాచ్ ఆడించండి. పదహారు జట్ల టోర్నమెంట్ ఇప్పుడే పెడితే గోల్ ముందు బోడి అయిపోద్ది, ఎండాకాలంలో మళ్లీ మొలవదు. మ్యాచ్ అయిన సాయంత్రమే లేచిన పెళ్లలు తొక్కి, ఇసుక చల్లి, ఒక తడి పెట్టండి. ఆ తర్వాత పది రోజులు లోపలికి ఎవర్నీ రానివ్వొద్దు, ప్రాక్టీసుకైనా సరే.