డిగ్రీ 2 నోడ్లు తీసేస్తుంటే సైకిళ్లు మాయమవుతున్నాయి

ప్రశ్న:
రెండు గ్రాఫ్‌లు (నోడ్లు, వాటిని కలిపే ఎడ్జ్‌లు) హోమియోమార్ఫికా కాదా, అంటే ఎడ్జ్‌ల మధ్యలోని డిగ్రీ 2 నోడ్లను పట్టించుకోకపోతే ఒకే ఆకారమా అని తేల్చే ప్రోగ్రామ్ రాస్తున్నాను. డిగ్రీ 2 నోడ్‌ను (రెండు ఎడ్జ్‌లే తాకేది) తీసేసి, దాని పొరుగు నోడ్లు రెండింటినీ నేరుగా కలుపుతున్నాను. తీయడానికి ఇంకేమీ లేనప్పుడు ఐసోమార్ఫిజం పరీక్ష (నోడ్ల పేర్లు వదిలేస్తే రెండూ ఒకటేనా అని). పొరుగు నోడ్లను సెట్‌లో ఉంచాను. కె2,3 (2 నోడ్ల గుంపులో ప్రతిదాన్నీ 3 నోడ్ల గుంపులో ప్రతిదానితో కలిపిన గ్రాఫ్) ఇస్తే చివరికి ఒక్క ఎడ్జే మిగులుతోంది. అసలు ఇదంతా మానేసి హోమోమార్ఫిజం (ప్రతి ఎడ్జ్ ఒక ఎడ్జ్ మీదికే వెళ్లేలా నోడ్ల మ్యాప్) ఉందో లేదో చూస్తే చాలదా?

జవాబు 1:
చిక్కంతా ఆ సెట్‌తోనే. కె2,3లో 5 నోడ్లు, 6 ఎడ్జ్‌లు. సరిగ్గా కుదిస్తే 2 నోడ్ల మధ్య 3 సమాంతర ఎడ్జ్‌లు మిగలాలి. సెట్ రెండో ఎడ్జ్‌ను మొదటిదాంట్లో కలిపేస్తుంది. దాంతో డిగ్రీ 3 ఉన్న నోడ్ కూడా డిగ్రీ 2గా కనబడి, అదీ ఎగిరిపోవచ్చు. ఎడ్జ్‌లకు విడివిడిగా ఐడీలు ఇచ్చి మల్టీగ్రాఫ్‌గా (ఒకే జంట నోడ్ల మధ్య పలు ఎడ్జ్‌లు ఉండనిచ్చే గ్రాఫ్) దాచండి.

ప్రతి అడుగులోనూ ఎడ్జ్‌లు − నోడ్లు + కాంపొనెంట్లు (విడివిడి ముక్కలు) లెక్కేయండి, అదే స్వతంత్ర సైకిళ్ల సంఖ్య. ఇక్కడ 6−5+1 = 2, కుదించాక 3−2+1 = 2. మీకు వస్తున్నది 1−2+1 = 0. ఈ అంకె మారిన అడుగులోనే బగ్ ఉన్నట్టు.

లూప్‌ను (నోడ్‌ను దానికే కలిపే ఎడ్జ్) డిగ్రీలో 2గా లెక్కించాలి. నోడ్‌కు ఉన్నది ఒక్క లూపే అయితే దాన్ని ముట్టుకోకండి, లేదంటే విడిగా ఉన్న సైకిల్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

జవాబు 2:
పై అంకె సమానమైతే హోమియోమార్ఫిక్ అనుకోకండి. 3 సమాంతర ఎడ్జ్‌ల గ్రాఫ్, రెండు లూప్‌లను ఒక ఎడ్జ్ కలిపే డంబెల్: రెండింటిలోనూ డిగ్రీ 3 నోడ్లు 2, ఎడ్జ్‌లు 3, అంకె 2. కానీ డంబెల్‌లో నడిమి ఎడ్జ్ తీస్తే గ్రాఫ్ రెండు ముక్కలవుతుంది, మొదటిదాంట్లో ఏది తీసినా కాదు. మీ లైబ్రరీ మల్టీగ్రాఫ్ తీసుకోకపోతే, సమాంతర ఎడ్జ్‌ల సంఖ్యను ఎడ్జ్ లేబుల్‌గా, లూప్‌ల సంఖ్యను నోడ్ లేబుల్‌గా ఇవ్వండి.

జవాబు 3:
హోమోమార్ఫిజం ఇందుకు పనికిరాదు, పేరు దగ్గరగా ఉందంతే. కె3,3 సమతల గ్రాఫ్ కాదు, అంటే ఎడ్జ్‌లు ఒకదాన్నొకటి దాటకుండా కాగితంపై గీయలేం. అయినా బైపార్టైట్ (నోడ్లు రెండు గుంపులు, ఎడ్జ్‌లన్నీ ఆ గుంపుల మధ్యే) కాబట్టి ఒకే ఒక్క ఎడ్జ్ మీదికి మ్యాప్ అవుతుంది. 4 స్వతంత్ర సైకిళ్లు, అసమతలత్వం అన్నీ పోయాయి. ప్రతి నోడ్ చుట్టూ ఉన్న ఎడ్జ్‌లు ఒకటికొకటి సరిపోవాలని షరతు పెడితే అది కవరింగ్ మ్యాప్. అదైనా స్థానికంగానే కాపాడుతుంది: ఘనం గ్రాఫ్ కె4ను (4 నోడ్లూ ఒకదానితో ఒకటి కలిసిన గ్రాఫ్) రెండుసార్లు కప్పుతుంది, నోడ్లు − ఎడ్జ్‌లు మాత్రం 8−12, అంటే −4, కె4లో −2.

అడిగినవారు:
మల్టీగ్రాఫ్‌కి మార్చాక కె2,3 సరిగ్గా వచ్చింది. మరి ఎడ్జ్‌ను కుదించి, రెండు చివరలనూ ఒకే నోడ్ చేస్తే?

జవాబు 1:
లూప్ కాని ఎడ్జ్ అయితే సైకిళ్ల అంకె మారదు, ఆకారం మారుతుంది. పైన చెప్పిన రెండు గ్రాఫ్‌లలోనూ ఒక ఎడ్జ్ (డంబెల్‌లో నడిమిది) కుదించి చూడండి: రెండూ ఒకే నోడ్‌కు 2 లూప్‌లుగా తేలతాయి.