బౌద్ధం కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ముందు ఏది? (బెంగళూరు)

బెల్లందూరు బాటసారి:
అందరికీ నమస్కారం. బౌద్ధం మీద వీడియోలు చూడటం ఎక్కువైంది, ఆచరణ సున్నా. నేరుగా పదిరోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్లిపోవచ్చా? మాంసం మానాలా? ఇంట్లో పూజలు, తద్దినాలు వదిలెయ్యాలా? ముందు ఏం చదవాలి? మతం మారే ఆలోచన ఇప్పటికైతే లేదు.

పాళీ పాఠకుడు:
శిబిరం ఎక్కడికీ పోదు. ముందు రోజూ ఇరవై నిమిషాలు కూర్చోవడం అలవాటు చేసుకోండి, టిఫిన్‌కి ముందు. కింద నాలుగైదు అంగుళాల గట్టి దిండు వేసుకోండి. మోకాళ్లు తుంటి కన్నా కిందికి దిగి నేలకు ఆనాలి. గాల్లో ఉంటే నడుం వెనక్కి వంగిపోయి పది నిమిషాలకే లాగేస్తుంది. కుదరకపోతే కుర్చీ వేసుకోండి, తప్పేం లేదు.

ముక్కు అంచున గాని, పై పెదవి మీద గాని గాలి తగిలే చోటే గమనించండి. మనసు నిలవకపోతే శ్వాసలు లెక్క పెట్టుకోవచ్చు. బుద్ధఘోషుడు రాసిన పాళీ గ్రంథం విశుద్ధిమగ్గం ప్రకారం లెక్క ఐదుకు తగ్గకూడదు, పది దాటకూడదు. ఒకటి నుంచి ఐదు, మళ్లీ ఒకటి నుంచి ఆరు, అలా పది దాకా వెళ్లి తిరిగి ఐదుకు రావాలి. తప్పితే ఒకటి నుంచి మొదలు. ఐదు కన్నా తక్కువైతే మనసు ఇరుకున పడి కొట్టుకుంటుంది. పది దాటితే శ్వాసను వదిలేసి అంకెల వెంట పడుతుంది.

ప్రాణాయామం అలవాటున్నవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే: తెలియకుండానే శ్వాసను లాగి, బిగబట్టి, వదులుతుంటారు. ఛాతీ పట్టేసినట్టున్నా, నుదురు నొప్పెట్టినా కారణం అదే. ఇక్కడ శ్వాసను నడపకూడదు, దాని మానాన అది నడుస్తుంటే చూడాలి. నిద్ర ముంచుకొస్తే ఏం చెయ్యాలో తన శిష్యుడు మొగ్గల్లానుడికి బుద్ధుడే వరసగా చెప్పాడు: చెవి తమ్మెలు లాగడం, ఒళ్లు రుద్దుకోవడం, లేచి కళ్లు కడుక్కుని ఆకాశం వైపు చూడటం, అటూ ఇటూ నడవడం. అయినా ఆగకపోతే కుడి పక్కకు తిరిగి పడుకోవడం!

చదువు విషయానికొస్తే ముందు దీఘనికాయం అనే బుద్ధోపదేశాల సంపుటంలోని సిగాలోవాద సుత్తం (సుత్తం అంటే ఉపదేశం). గృహస్థుల కోసం చెప్పింది. సంపాదనను నాలుగు భాగాలు చేసి ఒకటి అనుభవానికి, రెండు పనిలోకి, ఒకటి ఆపదకు దాచమంటుంది. ఆ తర్వాత మజ్ఝిమనికాయం అనే మరో సంపుటంలో పదోదైన సతిపట్ఠాన సుత్తం, ఎరుకతో గమనించడం గురించి. ధమ్మపదంలో 423 గాథలున్నాయి, రోజుకు రెండు చాలు. నాగార్జునుడు మనవాడే కదా అని శూన్యత మీద ఆయన రాసిన మూలమధ్యమకకారికతో మొదలుపెట్టకండి. అది అభిధర్మం (బౌద్ధ తత్త్వ విశ్లేషణ) తెలిసినవాళ్లతో చేసిన వాదన. ఆ పూర్వపక్షం, అంటే ఎదుటివాళ్ల వాదం, తెలియకుండా చదివితే శూన్యత అంటే ‘ఏమీ లేదు’ అనుకుని కూర్చుంటారు. కాలాములనే ప్రజలకు బుద్ధుడు చెప్పిన కాలామ సుత్తాన్ని వాట్సాప్ ఫార్వర్డుల్లో చూసి ఉంటారు, ‘ఎవరు చెప్పినా నమ్మకు’ అని. మొత్తం చదవండి. లోభ ద్వేష మోహాలకు దారితీస్తుందా, జ్ఞానులు మెచ్చుతారా నిందిస్తారా అన్న పరీక్ష కూడా అందులోనే ఉంది.

నాగసంద్ర నుంచి:
పాళీ పాఠకుడు గారితో ఒక్క విషయంలో విభేదిస్తాను. శిబిరం మరీ వాయిదా వెయ్యకండి, నెల రోజుల అలవాటు చాలు. తుమకూరు రోడ్డు వైపు ఆలూరులో ధమ్మపఫుల్ల అనే విపశ్యన కేంద్రం ఉంది, విపశ్యన గురువు గోయెంకా గారి పద్ధతి. పది రోజులన్నా సెలవు పన్నెండు రోజులకు పెట్టాలి: ముందురోజు మధ్యాహ్నం చేరాలి, పదకొండో రోజు ఉదయం వదులుతారు. నిద్రలేపేది నాలుగుకు, రోజుకు పది గంటల పైచిలుకు ధ్యానం. ఫోను, పుస్తకం, పెన్ను అన్నీ అప్పగించాలి. కొత్తవాళ్లకు సాయంత్రం టీ, పండ్లు తప్ప రాత్రి భోజనం ఉండదు. మొదటి మూడు రోజులూ శ్వాస మీదే, విపశ్యన (ఒంట్లో కలిగే అనుభూతులను గమనించడం) నాలుగో రోజు మొదలవుతుంది. చాలామంది వెళ్లిపోతామని మొండికేసేది రెండో రోజో, ఆరో రోజో. ఫీజు లేదు, కోర్సు పూర్తిచేసినవాళ్ల విరాళాలతోనే నడుస్తుంది. డిప్రెషన్ లాంటి వాటికి మందులు వాడుతుంటే దరఖాస్తులో దాచొద్దు.

ఉపాసిక:
మాంసం సంగతి నేను చెప్తాను. పంచశీలాల్లో, అంటే గృహస్థులు పాటించే ఐదు నియమాల్లో, మొదటి శీలం ప్రాణం తియ్యొద్దంటుంది. భిక్షువులకైతే జీవక సుత్తంలో నియమం ఉంది: తమ కోసం చంపినట్టు చూసినా, విన్నా, అనుమానించినా తినకూడదు. శ్రీలంక, థాయ్‌లాండ్‌లలో ఉన్న థేరవాద శాఖలో గృహస్థుకు శాకాహారం తప్పనిసరి కాదు, చైనా వైపు ఉన్న మహాయాన సంప్రదాయాల్లో కొన్ని గట్టిగా పట్టుబడతాయి. కానీ తొట్టిలో ఈదుతున్న కొరమీనును చూపించి ‘దీన్ని కొట్టు’ అంటే ఆ చావు మీరు చెప్పి చేయించిందే. ముందు అది మానండి. మాంసం వ్యాపారం ఉపాసకుడు (బౌద్ధ గృహస్థుడు) చెయ్యకూడని ఐదింటిలో ఒకటి, ఆయుధాలు, ప్రాణులు, మత్తు, విషం అమ్మకాలతో పాటు. ఐదో శీలం మద్యం తాగొద్దని. ఆఫీసు పార్టీలో ఒక్క పెగ్గూ లెక్కలోకే వస్తుంది, ఇందులో బేరం లేదు.

పూజల దగ్గర గొడవ పెట్టుకోకండి. పైన చెప్పిన సిగాలోవాద సుత్తంలో, రోజూ ఆరు దిక్కులకూ మొక్కే సిగాలుణ్ణి బుద్ధుడు మానమనలేదు. తూర్పు తల్లిదండ్రులు, దక్షిణం గురువులు, పడమర భార్యాపిల్లలు అని ఆ మొక్కుకే అర్థం మార్చాడు. అమ్మ తద్దినం పెడితే పక్కన కూర్చోండి. చనిపోయినవాళ్ల పేరుతో దానం చెయ్యడం బౌద్ధంలోనూ ఉంది. జంతుబలి ఉంటే మాత్రం దూరంగా ఉండండి.

బెల్లందూరు బాటసారి:
చాలా థ్యాంక్సండీ. గాంధీనగర్ మహాబోధి సొసైటీకి వెళ్దామనుకుంటున్నాను. అక్కడ ఎలా మసలుకోవాలి?

ఉపాసిక:
1956లో ఆచార్య బుద్ధరక్ఖిత స్థాపించిన థేరవాద విహారం అది. మెజస్టిక్‌లో దిగితే దగ్గరే. లేతరంగు బట్టలు వేసుకోండి. చెప్పులు బయట విడిచి, విగ్రహం వైపు కాళ్లు చాపకుండా కూర్చోవాలి. భిక్షువును ‘భంతే’ అని పిలవండి, షేక్‌హ్యాండ్ ఇవ్వబోకండి. వాళ్లు మధ్యాహ్నం దాటాక భోజనం చెయ్యరు కాబట్టి ఆహారం ఇవ్వాలనుకుంటే ముందురోజు అడిగి, పదకొండు లోపు అందించండి. సాయంత్రం స్వీటు బాక్సు పట్టుకెళ్తే ఆ రోజుకి ఆయన ముట్టలేరు.