స్కూల్ల "మన వారసత్వం" ప్రోగ్రాం ఉంది, పాప తాత నేసిన జంఖానా (కింద పరిచే నూలు తివాచీ) తీస్కపోనంటుంది, ఏం జెయ్యాలె?

హన్మకొండ అమ్మ:
అందరికి నమస్తే. మా పాప ఆరో తరగతి. వచ్చే శనివారం స్కూల్ల ఒక్కొక్కరు ఇంటి నుంచి ఏదన్న ఒక వస్తువు తెచ్చి దాని గురించి మూడు నిమిషాలు మాట్లాడాలట. క్లాసుల సగం మంది థర్మాకోల్‌తోని వేయిస్తంభాల గుడి, కళాతోరణం మోడళ్ళు చేయించుకుంటున్నరు, మా పాప కూడ అదే కావాలంటుంది.

మా మామ వరంగల్ కొత్తవాడల చిన్నప్పటి సంది జంఖానాలు నేస్తడు, ఇప్పటికీ పొద్దున లేస్తే మగ్గం మీదనే. మొన్న ఆదివారం ఆడికి పోయినప్పుడు తాత నేసిన చిన్న జంఖానా తీస్కపో బిడ్డా అని నేనంటే "అది కింద పరుచుకునేదే కదమ్మా, దాని గురించి ఏం చెప్తరు" అన్నది. మా మామ అక్కడ్నే ఉన్నడు, విన్నడు. ఏమనలే, లేచి దారం చుట్టిన కండెలు సర్దుకున్నడు, గంతే. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలే. పాపను తిట్టలే, మేం ఎన్నడన్న చెప్పినమా దానికి? బలవంతంగ పంపుడు నాకిష్టం లేదు, మరి ఎట్ల?

కొత్తవాడ పిల్లగాన్ని:
అక్కా, నేను ఆ వాడల్నే పుట్టిన, ఇప్పుడు హైదరాబాద్‌ల జాబ్. మీ పాప అన్నమాట నేను కూడ చిన్నప్పుడు అన్న, అందుకే రాస్తున్న. పాపకు ముందుగాల ఇది చెప్పుండ్రి, 1851ల లండన్ల పెద్ద ఎగ్జిబిషన్ అయితే దాంట్ల మన వరంగల్ తివాచీలు పెట్టిండ్రు. 2018ల వరంగల్ జంఖానాలకు జీఐ ట్యాగ్ వచ్చింది, అంటే ఆ పేరు మన దగ్గర నేసినదానికే చెల్లుతది. కాని ఇది బట్టీ పట్టిపిస్తే మాత్రం లాభం లేదక్కా. ఒక్క రోజు మగ్గం పక్కన కూసోపెట్టుండ్రి. నిలువు పోగు పడుగు ఏది, అడ్డం పోగు పేక ఏది, ఎన్ని పోగులకు రంగు మార్చాలె, ఆ లెక్క అంత తాత నెత్తిలనే ఉంటది, మధ్యల ఒక్క పోగు తప్పినా పువ్వు వంకర పోతది. లెక్కలల్ల మంచిగున్న పిల్లయితే అక్కడ్నే పట్టుకుంటది సూడుండ్రి.

ములుగు దిక్కు టీచర్:
మోడల్ చేసుడు తప్పని నేననను. మా బడి పిల్లలను రామప్పకు తీస్కపోయినం, 1213ల రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021ల యునెస్కో గుర్తింపు వచ్చింది, శిఖరం ఇటుకలు నీళ్ళల్ల తేలుతయి అంటే పిల్లలు నోరు తెరిచి ఇన్నరు. కాని క్లాసుల నిలబడి చెప్పమంటే అందరు అవే నాలుగు ముక్కలు చెప్పిండ్రు.

అదే మా దగ్గర ఓ కోయ పిల్లగాడు, అస్సలు మాట్లాడనోడు, మేడారం గురించి చెప్పుమంటే లేచిండు. చిలకలగుట్ట మీదికెళ్ళి సమ్మక్కను ఎట్ల తీస్కొస్తరో, సారలమ్మ కన్నెపల్లి నుంచి ఎట్ల వస్తదో, బెల్లాన్నే బంగారం అని ఎందుకంటరో చెప్పుకుంట పోయిండు, మిగిలిన పిల్లలు అడుగుతనే ఉన్నరు, పీరియడ్ అయిపోయింది. వాడు ఆ రోజు సంది మొదటి బెంచీల కూసుంటుండు. నా మాటైతే, పాప చేతికి చార్ట్ ఇయ్యకుండ్రి, నాలుగు కండెలు, పేక పోగును అటిటు ఇసిరే నాడె ఇచ్చి పంపుండ్రి. తోటి పిల్లలు చేతుల పట్టుకొని సూస్తె ప్రశ్నలు వాళ్ళే అడుగుతరు.

చేర్యాల అన్న:
టీచర్ గారు చెప్పింది కరెక్ట్. ఇంకొకటి, మీది పద్మశాలి ఇల్లైతే మీ మామను మార్కండేయ పురాణం అడుగుండ్రి. మా చేర్యాల నకాషీవాళ్ళు ఖాదీ బట్ట మీద చింతగింజల పేస్టు, సుద్ద పట్టిచ్చి ఆ కథ మొత్తం బొమ్మలుగ గీస్తరు, గజాల పొడుగు పటం ఉంటది, కూనపులోళ్ళు ఊరూరు తిరిగి పటం విప్పుకుంట మీవాళ్ళకు కథ చెప్పేటోళ్ళు. మార్కండేయుని కొడుకు భావనారుషి తామర తూడుల దారం తీసి దేవతలకు బట్ట నేసిండని ఆ కథల ఉంటది. ముసలోళ్ళకు పటం కథ గుర్తుంటది, అడిగేటోళ్ళే లేరు.

హన్మకొండ అమ్మ:
అందరికి చాన థ్యాంక్స్. నిన్న సాయంత్రం తీస్కపోయిన. నేనేం చెప్పలే, తామర దారం కథ నిజమేనా తాతా అని పాపతోనే అడిగిపిచ్చిన. మా మామ మగ్గం ఆపి గంటసేపు చెప్పిండు, మధ్యల వాళ్ళ నాయిన పాడిన పాట రెండు లైన్లు కూడ పాడిండు, మా ఆయన కూడ అది ఎన్నడు ఇనలేదట. తర్వాత పాప కాళ్ళు అందకపోతే కింద పీట పెట్టిచ్చి నాడె ఇసిరిపిచ్చిండు. నాలుగు వేళ్ళ మందం నేసింది, ఒక దిక్కు వదులుగ వచ్చింది, విప్పుతా అంటే వద్దే వద్దు అని ఏడ్చింది. శనివారం ఆ ముక్కనే తీస్కపోతదట. తాతను కూడ రమ్మంటుంది, స్కూల్ల పర్మిషన్ అడగాలె రేపు. చేర్యాల అన్నా, ఆ పటం చిన్న సైజుల దొరుకుతదా, మా మామ కోసం?